బొల్లి హాల్ టికెట్

పై నుంచి ఏదైనా ఉచితంగా వస్తోందంటే మాల్యాద్రికి మొదట్నుంచీ భయమే. డబ్బిచ్చి కొనుక్కున్న వస్తువు నచ్చకపోతే మూలన పడేయొచ్చు, ఎవరూ అడగరు. ఉచితంగా వచ్చినదాన్ని మాత్రం వాడుతున్నామని రోజూ రుజువు చేసుకుంటూ ఉండాలి. పదహారేళ్ల సర్వీసులో ఆయన వంటబట్టించుకున్న విద్యాతత్వం ఇంతే.

కొండ పాదాన ఉన్న రాళ్లగొందిలో ఐదు తరగతులకూ ఆయన ఒక్కడే అయ్యవారు. హెడ్‌మాస్టరూ ఆయనే, గంట కొట్టేదీ ఆయనే, చీపురు కనబడకపోతే వెతికేదీ ఆయనే. పిల్లలు ఇరవై రెండు మంది. ఐదో తరగతి అయ్యాక ఆ ఊళ్లో ఆడపిల్లకి రెండే దారులు. ఒకటి ముప్పై కిలోమీటర్ల అవతల ఉన్న బాలికల గురుకులం. రెండోది మేకలు. గురుకులంలో సీటు రావాలంటే ఏప్రిల్‌లో ప్రవేశ పరీక్ష రాయాలి. మేకలకి ఏ పరీక్షా లేదు కాబట్టి ఇప్పటిదాకా ఆ ఊరి ఆడపిల్లలందరూ అందులోనే పాసయ్యారు.

ఈసారి మాత్రం ఒక పిల్లని ఎలాగైనా గురుకులంలో చేర్చి తీరాలని మాల్యాద్రి పట్టుబట్టాడు. ఆ పిల్ల సుప్రజ, మేకలు కాసే చెంగమ్మకి ఒక్కగానొక్క కూతురు. కూడికలు, తీసివేతలు గాలిలో చేసేస్తుంది. ఒక్క భాగహారం దగ్గరే చిక్కు. ఎనిమిది వందల పదహారుని ఎనిమిదితో భాగించమంటే పన్నెండు అని రాస్తుంది. మధ్యలో సున్నా పెట్టాలని ఎన్నిసార్లు చెప్పినా మర్చిపోతుంది.

"ఏమీ లేనిదాన్ని రాసేది ఎందుకయివోరూ?" అని అడుగుతుంది.

"ఏమీ లేదని రాయకపోతే మిగతాదంతా తప్పయిపోద్ది గనక," అంటాడు మాల్యాద్రి.

సంక్రాంతి సెలవులు అయిపోయాక, పరీక్షకి రెండున్నర నెలలు ఉందనగా, మండల విద్యాధికారి కోదండపాణి అయ్యవార్లందరినీ మీటింగుకి పిలిచారు. ఆయన ఒకప్పుడు మంచి లెక్కల అయ్యవారు. ఆఫీసు కుర్చీలో కూర్చున్న దగ్గర్నుంచీ మామూలు తెలుగు మర్చిపోయారు.

"జ్ఞానఝరి అనునది కేవలము ఒక వెబ్‌సైటు కాదు. ఇదొక మహోద్యమము. ఇందులో పదకొండు వేల నాలుగు వందల వీడియో పాఠములు కలవు. విద్యార్థులకు, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు సమస్తము ఉచితము. విద్యార్థి దినమునకు తొంబది నిమిషములు, తల్లి గాని తండ్రి గాని నలుబది నిమిషములు, ఉపాధ్యాయుడు రెండు గంటలు తప్పనిసరిగా వీక్షించవలెను," అని చదివారు.

మాల్యాద్రి లేచి నిలబడ్డాడు. "సార్, మా ఊళ్లో సిగ్నల్ లేదు."

"లేదు అనరాదు మాల్యాద్రిగారూ. అందుబాటులోనికి వచ్చు ప్రక్రియలో కలదు అనవలెను."

"అది ప్రక్రియలో ఉన్నన్నాళ్లూ పాఠం నేనే చెప్పుకోవచ్చా సార్?"

"నిరభ్యంతరముగా చెప్పుకొనవచ్చును. అయితే అది లెక్కలోనికి రాదు. ఝరిలో చూచినదే చదువు. మీరు గదిలో చెప్పునది సంభాషణ క్రిందికి వచ్చును."

పదహారేళ్లుగా తాను సంభాషణ చేస్తున్నానని మాల్యాద్రికి ఆ రోజే తెలిసింది.

రాళ్లగొంది మొత్తానికి సిగ్నల్ దొరికే చోటు ఒక్కటే ఉంది. కొండ మీద, గంట సేపు ఎక్కితే వచ్చే గుర్రంబండ. చెంగమ్మ మేకల్ని అక్కడే మేపుతుంది. మర్నాటి నుంచి బడి బండ మీదికి మారింది. పొద్దున్నే ఇరవై రెండు మంది పిల్లలూ ఇళ్లలోని ఫోన్లు పట్టుకుని కొండెక్కారు. ఎక్కడానికి గంట, చూడ్డానికి గంటన్నర, దిగడానికి గంట. మధ్యాహ్నం అన్నానికి కిందికి చేరేసరికి కాళ్లు పీక్కుపోయేవి. తిన్న పిల్లలు తిన్నచోటే నిద్రపోయేవారు.

తల్లుల సంగతి మరీ అన్యాయం. వాళ్లకి కేటాయించిన కోర్సు పేరు 'పిల్లలతో విలువైన కాలం గడపడం ఎలా'. వేరుశనగ చేలల్లోంచి నేరుగా బండ మీదికి పోయి నలభై నిమిషాలు అది చూసి, పొద్దుగూకాక ఇంటికొచ్చేవారు. అప్పటికి పిల్లలు ఏదో ఇంత తిని పడుకుని ఉండేవారు. మాల్యాద్రికి వచ్చింది 'తరగతి గదిలో సమయాన్ని ఆదా చేసుకొనుటకు పదిహేను సూత్రాలు' అనే నలభై గంటల కోర్సు. దాన్ని చూడ్డానికి తరగతి గదిలో ఉండాల్సిన సమయమంతా సరిపోయింది.

పది రోజులయ్యాక ఒక మధ్యాహ్నం ఆయన సుప్రజ పలక అడిగి చూశాడు. ఎనిమిది వందల పదహారుని ఎనిమిదితో భాగిస్తే మళ్లీ పన్నెండు వచ్చింది. సంక్రాంతికి ముందు పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చేసిన పిల్ల.

మర్నాడు బండ మీద పిల్లలు ఫోన్లు చూస్తుంటే ఆయన చెంగమ్మ పక్కన కూలబడ్డాడు. చెంగమ్మ కాసేపు ఆయన్నీ, పిల్లల్నీ, ఫోన్లనీ మార్చి మార్చి చూసింది.

"అయివోరూ, నాకు తెలవక అడగతా ఉండా. సిగ్నలు కావాల్సింది ఫోన్లకా, పిలకాయలకా?"

"ఫోన్లకే."

"మరి పిలకాయలు ఎందుకు ఎక్కతా ఉండారు?"

మాల్యాద్రి పిల్లల వైపు తిరిగి చూశాడు.

"ఫోన్లు నాకియ్యండి. గంపలో పెట్టుకోనొచ్చి ఈడ ఆడించుకుంటా. ముప్పై రెండు మేకల్ని చూసుకుంటా ఉండా, ఈ ఫోన్లని చూసుకోలేనా. మీరు కింద నా బిడ్డికి ఆ లెక్కలేందో చెప్పండి."

మాల్యాద్రి నీతి నియమం ఉన్న మనిషి. వెంటనే ఒప్పుకోలేదు. ఇంటికెళ్లి ఉత్తర్వు మూడుసార్లు చదివాడు. 'విద్యార్థి ఖాతా యందు తొంబది నిమిషముల వీక్షణ నమోదు కావలెను' అని ఉంది. వీక్షించేది ఎవరో ఎక్కడా లేదు. నాలుగోసారి చదివితే ఏదైనా కనిపిస్తుందేమోనని భయపడి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాతి నెల రోజులు రాళ్లగొంది బడి చరిత్రలోనే మంచి రోజులు. పొద్దున్నే చెంగమ్మ ఇరవై రెండు ఫోన్లతో, మాల్యాద్రిది కలిపితే ఇరవై మూడింటితో కొండెక్కేది. ఊళ్లో ఎలాగూ మోగని ఫోన్లు కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. పైన బండ మీద ఫోన్లు పిల్లల పాఠాలూ, తల్లుల పాఠాలూ బుద్ధిగా చదువుకునేవి. కింద గదిలో పిల్లలు అయ్యవారితో సంభాషించేవారు. ఫిబ్రవరి ఆఖరుకి సుప్రజ పదిసార్లలో తొమ్మిదిసార్లు సున్నా పెడుతోంది.

ఇంతలో ఝరిలో కొత్త మార్పు వచ్చింది. ప్రతి వీడియో చివర ఐదు ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు. చెంగమ్మకి చదవడం రాదు. బొటనవేలికి మూడో జవాబు అనువుగా తగులుతుంది కాబట్టి అన్ని ఫోన్లలోనూ అన్ని ప్రశ్నలకీ అదే నొక్కేసింది. ఝరిలో జవాబుల వరస అన్ని తరగతులకీ ఒకటే కాబోలు, ఇరవై రెండు మంది పిల్లలకీ అన్ని పాఠాల్లోనూ అవే మార్కులు వచ్చాయి. మాల్యాద్రి సంజాయిషీకి ఏం రాయాలా అని ఆలోచిస్తుండగా జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

'తెలివైన విద్యార్థికిని, వెనుకబడిన విద్యార్థికిని మధ్యనున్న అంతరము రాళ్లగొంది పాఠశాలలో సంపూర్ణముగా తొలగింపబడినది. ఒకటవ తరగతి, ఐదవ తరగతి విద్యార్థులు సైతము సమాన ఫలితములు సాధించుట గమనార్హము. ఇతర పాఠశాలలు ఈ విధానమును అనుసరించవలెను' అని ఉంది అందులో.

అంతటితో ఆగితే బాగుండేది. ఐదో తరగతి పాఠాలు అయిపోగానే ఝరి దానంతట అది ఆరులోకి, ఏడులోకి వెళ్లిపోయింది. మార్చి మొదటి వారానికి సుప్రజ ఖాతా ఎనిమిదో తరగతి సామాన్యశాస్త్రంలో ఉంది. సుప్రజ మాత్రం కింద రెండంకెల భాజకాలు మొదలుపెట్టింది.

ఒక సోమవారం సాయంత్రం గంప దిగాక మాల్యాద్రి ఫోన్లు ఒక్కొక్కటీ తీసి చూస్తున్నాడు. సుప్రజ ఫోను తెరవగానే మొదట ఆకుపచ్చ టిక్కు కనిపించింది. 'ముఖహాజరు ప్రారంభమైనది. మీ ముఖము నిర్ధారింపబడినది. ఇకపై ఇదియే మీ శాశ్వత గుర్తింపు' అని ఉంది. దాని కింద ఫోటో. నుదుటి మీద తెల్లమచ్చతో, నోట్లో ఏదో నములుతూ, చాలా శ్రద్ధగా చూస్తున్న చెంగమ్మ మేక, బొల్లి.

మాల్యాద్రి గబగబా మిగతావి చూశాడు. పదిహేడు ఖాతాల్లో మేకలున్నాయి. మూడింట్లో చెంగమ్మ ఉంది. రెండో తరగతి ఖాసింవలికి కాకి వచ్చింది. ఒకటో తరగతి పిల్లాడొకడికి ముఖం బదులు ఆకాశం ఉంది, దానికి కూడా టిక్కు పడింది.

"నేను యాడ జూసేదయివోరూ," అంది చెంగమ్మ బిక్కమొహం వేసుకుని. "ఫోన్లన్నీ బండ మీద పరిచి పెడతా. ఇయ్యాల ఎవరి బొమ్మ కనిపిస్తే వాళ్లని తీసుకునింది. బొల్లికి ఆ పాటలంటే యావ. ఎప్పుడూ మా పాప ఫోను కాడే పడుకోనుంటది."

ముఖం మార్చడానికి దారి ఏదైనా ఉందా అని మాల్యాద్రి మర్నాడు బండ ఎక్కి సహాయ కేంద్రానికి రాశాడు. క్షణంలో జవాబు వచ్చింది. 'ముఖము మార్చుకొనగోరు వారు నా ముఖము, నా బాధ్యత అను నలుబది ఐదు రోజుల ఉచిత కోర్సును పూర్తి చేయవలెను. కోర్సులో ప్రవేశమునకు ముఖహాజరు తప్పనిసరి.' పరీక్షకి ఇంకా పంతొమ్మిది రోజులే ఉంది.

ఇక లాభం లేదని మండలాఫీసుకి పోయి కోదండపాణి ముందు ఉన్నదంతా చెప్పేశాడు. గంప సంగతి, బండ సంగతి, మూడో జవాబు సంగతి, ఏదీ దాచలేదు. ఉద్యోగం పోయినా సరే, పిల్ల పరీక్ష నిలబడితే చాలనుకున్నాడు. కోదండపాణి అన్నీ విని, తన కంప్యూటర్లో సుప్రజ ఖాతా తెరిచారు.

"ఏకాగ్రతా సూచిక తొంబది ఎనిమిది. జిల్లాలో ఇదే అత్యధికము. రెప్ప సైతము వేయలేదు."

"సార్, అది మేక."

"మీకు మేకగా కనిపించుచున్నది. ఝరికి విద్యార్థినిగా కనిపించినది. పొరబాటు పడు అవకాశము మీ ఇరువురిలో ఎవరికి ఎక్కువ?"

"సార్, కొమ్ములున్నాయి."

కోదండపాణి తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. అంతవరకూ వాడుతున్న భాష కూడా తగ్గింది.

"ఏమయ్యా, రేపు కలెక్టరాఫీసులో మన మండలానికి ఫస్టు ప్రైజు. శాలువా కప్పుతున్నారు. ఇప్పుడు పోయి ఈ ఇరవై రెండూ తీసెయ్యమంటే ఏం సమాధానం చెప్పేది? మన మండలంలో పదిహేడు మేకలు చదువుతున్నాయని చెప్పేదా?" ఆయన మళ్లీ నిటారుగా కూర్చున్నారు. "మీ విజ్ఞప్తి పరిశీలనలో ఉంచబడినది. దయచేయండి."

పరీక్షకి పది రోజుల ముందు హాల్ టికెట్లు వచ్చాయి. ఫోటోలు నేరుగా ఝరి నుంచే తీసుకుంటారట, పిల్లలకి శ్రమ లేకుండా. సుప్రజ పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఫోటోలో బొల్లి ఉంది. కింద ఎర్ర అక్షరాల్లో, ఫోటోతో ముఖము సరిపోలని వారు ఎట్టి పరిస్థితులలోను అనుమతింపబడరు అని ఉంది.

చెంగమ్మకి చదివి వినిపించేటప్పుడు మాల్యాద్రి తల ఎత్తలేకపోయాడు. ఉత్తర్వులో సందు దొరికిందని సంబరపడ్డందుకు తనని తాను తిట్టుకున్నాడు. పిల్లకి చదువు చెప్పడానికి దొంగదారి పట్టాల్సి రావడం ఒక సిగ్గయితే, ఆ దారి తిరిగి పిల్లకే అడ్డం రావడం ఇంకో సిగ్గు.

చెంగమ్మ బొల్లి మెడ నిమురుతూ కూర్చుంది. సుప్రజ హాల్ టికెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "బొల్లి పోతే ఏమొస్తదయివోరూ? దానికి రాసేది రాదు గదా," అంది.

ఆ మాటకి మాల్యాద్రి ఉలిక్కిపడ్డాడు. పరుగున లోపలికెళ్లి ముప్పై నాలుగు పేజీల పరీక్షా నిబంధనల పుస్తకం తీశాడు. పదిహేడో నిబంధన దగ్గర ఆయన వేలు ఆగింది. 'స్వయముగా వ్రాయజాలని అభ్యర్థి పక్షమున వేరొకరు స్క్రైబుగా వ్రాసిపెట్టవచ్చును. స్క్రైబు అభ్యర్థి కంటె తక్కువ తరగతి చదువుచున్నవారై ఉండవలెను.' ఝరి లెక్క ప్రకారం అభ్యర్థి ఎనిమిదో తరగతి పూర్తి చేయబోతోంది. పక్కన నిలబడ్డ పిల్ల ఐదో తరగతి.

స్క్రైబుకి హెడ్‌మాస్టరు ధ్రువపత్రం కావాలి. మాల్యాద్రి కలం తీసి, తరగతి దగ్గర ఐదు అని రాశాడు. పేరు దగ్గర ఆగిపోయాడు. సుప్రజ అని రాయడానికి వీల్లేదు, ఆ పేరు మేక వాడుకుంటోంది. చాలాసేపు ఆలోచించి, 'చెంగమ్మ కూతురు' అని రాసి సంతకం పెట్టాడు. సొంత పేరు ఉన్న పిల్లని ఆ పేరు లేకుండా కాగితం మీద పెట్టినందుకు ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం కూడా వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక కలానికి క్యాపు గట్టిగా బిగించాడు.

ఏప్రిల్ మొదటి ఆదివారం నలుగురూ ఆటోలో పరీక్షా కేంద్రానికి వచ్చారు. మాల్యాద్రి, చెంగమ్మ, అభ్యర్థిని, స్క్రైబు. గేటు దగ్గర ముఖం చూసే యంత్రం పెట్టారు. దాని పక్కనే చీఫ్ సూపరింటెండెంటు హోదాలో కోదండపాణి నిలబడి ఉన్నారు. మెడలో శాలువా ఒక్కటే తక్కువ.

ముందు సుప్రజ నిలబడింది. యంత్రం ఎర్రగా వెలిగి, 'అపరిచిత వ్యక్తి' అంది. చెంగమ్మ బొల్లిని ఎత్తి పట్టుకుంది. పచ్చగా వెలిగి, 'స్వాగతం సుప్రజా, నీకు శుభాకాంక్షలు' అంది.

యంత్రం దగ్గర కూర్చున్న గుమాస్తా నోరు వెళ్లబెట్టి కోదండపాణి వైపు చూశాడు. కోదండపాణి మాల్యాద్రి వైపు చూశారు. మాల్యాద్రి నిబంధనల పుస్తకం పదిహేడో నిబంధన దగ్గర తెరిచి ఆయన చేతిలో పెట్టాడు.

"అభ్యర్థిని నాలుగు కాళ్లపై నడుచుచున్నది," అన్నారు కోదండపాణి చివరికి.

"నడిచే విధానం మీద నిబంధన ఏమీ లేదు సార్. ముప్పై నాలుగు పేజీలూ చూశాను."

"నిరాకరించినచో కారణము వ్రాయవలసి యుండును," అని గొణిగారాయన, తనలో తాను అనుకున్నట్టు. ఆ కారణం జిల్లాకి పోతుంది. జిల్లా నుంచి ఇంకా పైకి పోతుంది. పోయిన ప్రతిచోటా ఎవరో ఒకరి మెడలో ఒక శాలువా ఉంది. ఆయన రుమాలుతో నుదురు తుడుచుకున్నారు. తర్వాత ఉన్నట్టుండి వంగి, సుప్రజని మామూలు తెలుగులో అడిగారు.

"తొమ్మిది వందల అరవై మూడుని తొమ్మిదితో భాగిస్తే ఎంత పాపా?"

"నూట ఏడు సార్."

కోదండపాణిలో పాతికేళ్ల కిందటి లెక్కల అయ్యవారు ఎక్కడో కదిలాడు కాబోలు. పుస్తకం మూసి, "అభ్యర్థిని లోపల నిశ్శబ్దము పాటించవలెను. అనుమతించుడు," అని పక్కకి తప్పుకున్నారు.

బొల్లి నిశ్శబ్దం పాటించింది. బెంచీ కింద పడుకుని, చిత్తుపని చేసుకోవడానికి ఇచ్చిన కాగితం మొత్తం నమిలి మింగింది. రెండోది ఇవ్వడానికి నిబంధన లేదు. సుప్రజ భాగహారాలన్నీ మనసులోనే చేసుకుని, మధ్యలో వచ్చిన సున్నాలు వేళ్ల మీద గుర్తు పెట్టుకుంది. బయట చింతచెట్టు కింద మాల్యాద్రి రెండున్నర గంటలూ నిలబడే ఉన్నాడు.

మే నెలలో ఫలితాలొచ్చాయి. యాభైకి నలభై ఏడు. సుప్రజకి గురుకులంలో సీటొచ్చింది. అంటే, ఫోటోలో ఉన్నవారికి వచ్చింది.

చేరే రోజున ప్రిన్సిపాల్ మేడమ్ కాగితాలు చూసి, మేకని చూసి, మళ్లీ కాగితాలు చూశారు. గురుకులంలో రోజుకి మూడు పూటలా ముఖహాజరు. ముఖం పడని రోజున ఆ పిల్ల పేరున బియ్యం రావు.

"సీటు ఈ అభ్యర్థినికే చెందుతుంది," అన్నారావిడ. "స్క్రైబు పాత్ర పరీక్షతో ముగిసింది. ఈ అమ్మాయిని ఏ హోదాలో ఉంచుకోమంటారు?"

ఇంత దూరం వచ్చి గేటు దగ్గర ఆగిపోవడం మాల్యాద్రి ఊహించలేదు. అప్పుడు సుప్రజే నోరు తెరిచింది.

"మేడమ్, బొల్లికి కొత్తచోట నిదర పట్టదు. ఎవరో ఒకరు పక్కన ఉండాల. క్లాసులో అడిగిందానికి చెప్పాల. నోట్సు రాయాల. నేనుంటా."

మేడమ్ తన దగ్గరున్న పుస్తకం తిరగేశారు. ఆవిడ దగ్గరా ఒక నిబంధన ఉంది. "సహాయకురాలికి వసతి ఉంది. తరగతిలో పక్కన కూర్చోవచ్చు. కానీ భోజనం ఒక్కరికే."

"బొల్లి ఆకులు తింటది మేడమ్. అన్నం నేను తింటా."

"యూనిఫాం కూడా ఒక్కరికే."

"అది ఏసుకోదు మేడమ్."

రిజిస్టరులో అభ్యర్థిని సుప్రజ, సహాయకురాలు చెంగమ్మ కూతురు అని రాసుకున్నారు. పిల్ల గేటు లోపలికెళ్లి, బొల్లి తాడు పట్టుకుని వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. చెంగమ్మ అక్కడే నిలబడి చాలాసేపు చూసింది.

"ముప్పై రెండులో ఒకటి పోతే ముప్పై ఒకటి," అంది తిరిగొచ్చేటప్పుడు. "లెక్క సరిగ్గానే ఉండాదయివోరూ. ఇంటికి పోవాలంటేనే ఎట్టానో ఉండాది."

మాల్యాద్రికి ఆ పూట ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పిల్ల చదువుకుంటుంది, అది నిజం. సొంత పేరు పక్కన ఇంకెవరిలాగానో కూర్చుని చదువుకుంటుంది, అదీ నిజమే.

బళ్లు తెరిచాక జూన్‌లో ఒక సాయంత్రం చెంగమ్మ గంప దించుతూనే మాల్యాద్రి ఫోను తీసి చూపించింది. "అయివోరూ, మీ ఫోన్లో మా బొల్లి వచ్చింది. పాట పెట్టి, దండేసి చూపించినారు."

ఉపాధ్యాయులందరూ తప్పనిసరిగా చూడాల్సిన ఇరవై నిమిషాల వీడియో అది. పేరు 'ఒక విజయగాథ'. మారుమూల గ్రామంలో, ఏ వసతీ లేని చోట, కేవలం ఉచిత వీడియో పాఠాలు చూసి ఒక విద్యార్థిని గురుకులంలో సీటు ఎలా సంపాదించిందో అందులో చెప్పారు. గోప్యత దృష్ట్యా ముఖం మసకగా చూపించారు. కొమ్ములు మాత్రం కొంచెం తెలుస్తున్నాయి. చివర్లో ఒక్కటే ప్రశ్న ఉంది. ఈ విద్యార్థిని విజయమునకు కారణము ఎవరు? ఒకటి, జ్ఞానఝరి. రెండు, జ్ఞానఝరి రూపకర్తలు. మూడు, జ్ఞానఝరిని అమలుపరచిన అధికారులు. నాలుగు, పై అందరును.

మాల్యాద్రి నాలుగూ రెండుసార్లు చదివాడు. ఐదోది ఉందేమోనని తెరని పైకి జరిపి చూశాడు. కింద ఖాళీయే ఉంది.

"ఏది నొక్కమంటారు? రేపు పైకి పోంగానే నొక్కాలంట," అంది చెంగమ్మ.

"ఎప్పుడూ నొక్కేదే నొక్కు."

మర్నాడు గంప కొండెక్కింది. అందులో ఆయన ఫోను అడుగున ఉంది. మాల్యాద్రి గంట కొట్టి లోపలికొచ్చాడు. ఈ ఏడు ఐదో తరగతిలో నలుగురున్నారు. అందులో ఇద్దరు ఆడపిల్లలు. బోర్డు మీద ఎనిమిది వందల పదహారు వేసి, పక్కన ఎనిమిది రాసి, ముందు బెంచీ పిల్లకి సుద్దముక్క ఇచ్చాడు. ఆ పిల్ల నాలుక బయటపెట్టి, ఎంతో కష్టపడి, పన్నెండు అని రాసి ఆయన మొహంలోకి చూసింది.

"మధ్యలో ఒకదాన్ని వదిలేశావు. అది లేకపోతే మిగతాదంతా తప్పవుద్ది. తుడిచి మళ్లీ చెయ్యి," అన్నాడు మాల్యాద్రి.

"టైమైపోద్దేమో సార్."

"తొందరేం లేదమ్మా. ఫోన్లు సాయంత్రానికి గానీ దిగవు."